తక్కువ తిరిగిన బండి

నా ఉద్యోగమంతా పాత లారీల కింద వెల్లకిలా పడుకుని చేసినదే. కార్డు మీద వాహనాల సర్వేయర్, వాల్యుయర్ అని దర్జాగా ఉండేది గానీ, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చొక్కా వీపంతా గ్రీజు, తలనిండా తుప్పు రజను. "ముందు వైపు మాత్రమే ఉండే చొక్కాలు ఎక్కడైనా అమ్ముతారేమో కనుక్కోండి, సబ్బన్నా మిగులుతుంది" అని మా ఆవిడ ఏళ్ల తరబడి దెప్పింది.

ఈ పని ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఎవరైనా వాడిన లారీ కొనాలనుకుంటే, కొనేవాడో, అప్పిచ్చే ఫైనాన్సు కంపెనీయో మమ్మల్ని పిలుస్తారు. బండి ఎంత చేస్తుందో, ఇంకా ఎన్నాళ్లు పని చేస్తుందో మేం చూసి చెప్పాలి. మా నెల్లూరు తీరంలో రేవు పెద్దదయ్యాక, రొయ్యల వ్యాపారం పెరిగాక, కంటెయినర్లు లాగే ట్రైలర్ లారీలు రోడ్లనిండా వచ్చాయి. వాటితోపాటు వాటి రెండో బేరాలు, మూడో బేరాలు వచ్చాయి. చివరి పదిహేనేళ్లూ నేను చూసినవి ఎక్కువగా అవే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు చురుకైనవాళ్లు. ఫోనులో ఫొటోలు తీసి, గళ్లలో టిక్కులు కొట్టి, బండి దగ్గర నుంచి కదలకముందే రిపోర్టు పంపేస్తారు. అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి "సార్, ముఖ్యంగా ఏమేం చూడాలి?" అని అడుగుతారు. ఏమేం చూడాలో వాళ్ల ఫోనులోనే ఉంటుంది. నేను చెప్పగలిగేది ఒక్కటే. బండి మీద ఆరా ఉండాలి. ఇరుగుపొరుగు సంగతులు తెలుసుకోవాలనే పిచ్చి కొందరికి ఉంటుంది చూడండి, అలాంటి పిచ్చి బండి మీద ఉండాలి. ఇన్నాళ్లూ ఇది ఎక్కడ బతికింది, ఎవరు తోలారు, ఏం మోసింది, ఎక్కడ పడుకుంది? ఆ కుతూహలం లేనివాడికి ఈ పని రెండేళ్లలో విసుగొస్తుంది. నాకు రిటైరయ్యాక కూడా విసుగు రాలేదు. రోడ్డు పక్కన పాత లారీ కనిపిస్తే ఇప్పటికీ కాళ్లు ఆగిపోతాయి.

ఎందుకు అమ్ముతున్నాడు?

బండిని చూడకముందే అడగాల్సిన ప్రశ్న ఇది. దీనికి మొదట వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "ఇంకా పెద్ద బండి కొంటుండాం సార్, అందుకని." నేను తలూపి ఊరుకుంటాను. ఊరుకోవడం కూడా పనిలో భాగమే. మనం ఏమీ మాట్లాడకుండా చక్రాల చుట్టూ తిరుగుతుంటే, అవతలి మనిషికి ఇబ్బందిగా ఉంటుంది. కాసేపటికి రెండో జవాబు తనంతట తనే వస్తుంది. డ్రైవర్ దొరకడం లేదనో, అన్నదమ్ములు వేరుపడ్డారనో, ఎత్తు రోడ్డు ఎక్కాలంటే బండి మొరాయిస్తోందనో. నిజం చాలాసార్లు ఆ రెండో జవాబులో ఉంటుంది.

ఫైనాన్సు వాళ్లలో కొందరికి ఈ నిదానం నచ్చేది కాదు. ఒక బ్రాంచి మేనేజరు ఉండేవాడు. బండి ఇంకా ఊళ్లోకే రాకముందు ఫోన్ చేసి, "బాగానే ఉంటుంది సార్, కస్టమర్ మనవాడే, రాసేయండి" అనేవాడు. ఒకసారి చిరాకొచ్చి, "సరే, రాస్తాను. వచ్చే ఆదివారం మీ పిల్లల్ని అదే బండిలో కూర్చోబెట్టి కొండ ఎక్కించి తీసుకురండి" అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ బ్రాంచి నుంచి నాకు పని రాలేదు. అలాంటి మేనేజర్లు మీకూ తగులుతారు. వాళ్లతో గొడవ పెట్టుకోమని చెప్పను గానీ, వాళ్లు చెప్పింది మాత్రం రాయకండి.

పరమశివం గారి కునుకు

నాకు పని నేర్పినాయన పరమశివం గారు. సూళ్లూరుపేట వైపు మనిషి, మాటలో సగం అరవం. ఆయన కింద పనికి చేరిన కొత్తలో ఒక వింత చూశాను. బండి దగ్గరికి రాగానే అందరూ బానెట్ ఎత్తుతారు, లేదా డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగు తిప్పుతారు. ఈయన మాత్రం చెప్పులు విప్పి, క్యాబిన్‌లోకి ఎక్కి, సీటు వెనక డ్రైవర్లు పడుకునే పడక మీద హాయిగా పడుకుని కళ్లు మూసుకునేవాడు. అమ్మేవాడు నా వంక చూసేవాడు. నేను ఆకాశం వంక చూసేవాణ్ని.

ఒకసారి గూడూరులో ఒక ట్రైలర్ చూడ్డానికి వెళ్లాం. బియ్యం బస్తాలు తప్ప వేరే లోడు ఎరగదని, మద్రాసు రోడ్డు తప్ప ఇంకో రోడ్డు తొక్కలేదని ఓనరు ఒట్లు పెడుతున్నాడు. పరమశివం గారు మామూలుగానే కాసేపు పడుకుని లేచి, పరుపు కొస ఎత్తి చూపించాడు. కింద మడతల్లో ఎర్రటి మన్ను పేరుకుపోయి ఉంది.

"ఏమప్పా, మద్రాసు రోడ్డు ఎప్పుడు ఇంత ఎర్రగా అయింది?" అన్నాడు.

ఆ బండి ఇనుప ఖనిజం గనుల్లో చాకిరీ చేసి వచ్చింది. బయట రంగు కొట్టారు, సీట్లు మార్చారు, కింద నీళ్లతో జాడించారు. డ్రైవర్ వీపు కింద ఏముందో చూడాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు నుంచి నేనూ పడుకోవడం మొదలుపెట్టాను. కొన్నిసార్లు నిజంగానే కునుకు పట్టేసేది, అది వేరే సంగతి.

అయితే పరమశివం గారితో నాకు ఒక పేచీ ఉండేది. ఆయన తెలుసుకున్నదంతా రిపోర్టులో రాసేవాడే తప్ప, కొనేవాడి ముఖాన చెప్పేవాడు కాదు. "మనది రాసే పని, చెప్పే పని కాదు" అనేవాడు. నాకు అది మింగుడుపడేది కాదు. మనం రాసే భాష డ్రైవర్లకు ఎక్కదు. కొనేవాణ్ని కూడా బండి కిందికి రమ్మని, వేలు పెట్టి చూపించడమే సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. చొక్కా మాసిపోతుందని వెనకాడేవాడు లారీ కొనకపోవడమే మంచిది.

తల ఒకరిది, తోక ఒకరిది

ట్రైలర్ లారీ అంటే నిజానికి రెండు వస్తువులు. ముందు ఇంజిను, క్యాబిన్ ఉండే భాగం హెడ్డు. వెనక లోడు మోసేది ట్రాలీ. హెడ్డు వీపు మీద గుండ్రటి ఇనుప పళ్లెం ఒకటి ఉంటుంది. ట్రాలీ ముందు భాగం దాని మీద కూర్చుని తాళం పడుతుంది. లోడు లాగే బలమంతా ఆ పళ్లెం దగ్గరే.

దొరవారిసత్రం దగ్గర ఒక రైసు మిల్లు ఆసామి తెలివిగా ఆలోచించి, హెడ్డు ఒక ఊళ్లో, ట్రాలీ ఇంకో ఊళ్లో మంచి బేరానికి కొన్నాడు. రెండూ మంచివే, నేను చూసినా సరే అనేవాణ్నే. తీరా రెండూ తగిలించాక చూస్తే హెడ్డు ఎత్తు ఎక్కువ, ట్రాలీ ఎత్తు తక్కువ. ట్రాలీ ముందు పైకి లేచి, వెనక కుంగి, కూర్చోబోతున్న దున్నపోతులా ఉంది. బస్తాలన్నీ వెనక్కి జారుతున్నాయి. అప్పుడు నన్ను పిలిచాడు.

"సార్, దేంట్లో తప్పు ఉండాదో చూడండి" అన్నాడు.

"రెంట్లోనూ లేదు. సంబంధం కలవలేదు, అంతే" అన్నాను. ఆయన భార్య లోపల నుంచి ఫక్కున నవ్వింది. కొనేముందు టేపు పెట్టి కొలిచి ఉంటే ఆ నవ్వు తప్పేది. జంటగా పని చేసే వస్తువుని జంటగానే చూడమని పిల్లలకు చెబుతుంటాను.

ప్రభుదాసు మనసు పడ్డ బండి

ఇక అసలు చెప్పాలనుకున్నది. నేను పని మానేయడానికి కొంచెం ముందు జరిగిందిది.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని, తెల్లచొక్కాతో ఒక మనిషి భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పేరు ప్రభుదాసు, ఊరు వెంకటాచలం. స్టీరింగు పట్టినప్పటి నుంచి ఇతరుల ట్రైలర్లే తోలుతున్నాడు. రేవు నుంచి మద్రాసుకి, బెంగుళూరుకి. ఒక్క హెడ్డు సొంతంగా కొనుక్కుంటే, రొయ్యల మేత కంపెనీ వాళ్ల ట్రాలీలు లాగే పని తనకే ఇస్తామన్నారట. ట్రాలీ కొనక్కర్లేదు. చిట్టమూరు అవతల ఒక రెడ్డిగారి దగ్గర బండి చూసుకున్నాడు.

"కొత్త పెళ్లికూతురు మాదిరి ఉండాది సార్. తిరిగిందే లేదు. మీరొచ్చి ఊరికే ఒకసారి చూసి సరే అంటే చాలు."

"సరే అనడానికే అయితే నేనెందుకు నాయనా?" అన్నాను.

నవ్వి, భార్య వైపు చూపించాడు. "ఈమె వినడం లేదు సార్. మీరు బాగుందంటేనే సంతకం పెడతానంటుండాది."

ఆమె పేరు సువార్తమ్మ. ఆమె నవ్వలేదు. "సార్, మా అమ్మ నాకు రోడ్డు పక్కన కొంచెం నేల ఇచ్చిపోయింది. మాకుండేది అదొక్కటే. అది అమ్మితేనే బండి. ఇరవై ఏళ్లుగా ఈయన వేరేవాళ్ల బండ్లు తోలి, పండగ పూట గూడా ఓనరు రమ్మంటే పోతుండాడు. సొంత బండి కావాలనే ఆశ నాకు తెలుసు. కానీ బండి చెడిపోతే తుక్కయిపోతాది, నేల చెడిపోదు గదా. మీరు మీ ఇంట్లోవాళ్లకి చెప్పినట్టు చెప్పండి" అంది.

ఆమె మాట నాకు నచ్చింది. అతని ఆశా నచ్చింది. ఇద్దరిలో ఒకరిని నేను బాధపెట్టక తప్పదని అప్పుడే అనిపించింది. సరే, పోదాం పదండన్నాను. ముగ్గురం మా కారులో బయల్దేరాం. గూడూరు దాటి తీరం వైపు మళ్లాక వరిచేలు తగ్గి రొయ్యల గుంటలు మొదలయ్యాయి. ప్రభుదాసు దారంతా బండి గురించే చెప్పాడు. సువార్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రెడ్డిగారి పేరు పెంచలరెడ్డి. తెల్లటి మనిషి, తెల్లటి పంచె, తెల్లటి జుట్టు. ఆయనకి వరి ఉంది, రొయ్యల గుంటలున్నాయి. రొయ్యలు బాగా పండిన కాలంలో తన సరుకు తనే రేవుకి పంపుకుందామని ఈ హెడ్డు కొత్తదిగా కొన్నాడు. వాళ్ల వంశంలో కొత్తదిగా కొన్న మొదటి బండి అదేనట. ముందు అద్దం పైన తల్లి పేరు రాయించాడు, సుబ్బమ్మ అని. ఆ తర్వాత గుంటలకు వైరస్ తగిలింది, రేవుకి పంపేంత సరుకు లేదు, డ్రైవర్ వెళ్లిపోయాడు. బండి గట్టు మీద నిలబడింది.

నిలబడిందే గానీ ఎలా ఉందనుకున్నారు! ఎండలో ధగధగా మెరుస్తోంది. అద్దాల మీద మరక లేదు, టైర్ల మీద మట్టి లేదు. సుధాకర్ అనే బ్రోకరు కూడా అక్కడే ఉన్నాడు. "చూడండి సార్, ఇట్టాంటి బండి జిల్లాలో లేదు" అన్నాడు. ప్రభుదాసు అప్పటికే బండి చుట్టూ తిరుగుతూ తలుపుల మీద చెయ్యి రాస్తున్నాడు.

"అయ్యా, కొన్నాక గూడా అమ్మగారి పేరు తీసెయ్యను, అట్నే ఉంచుకుంటా" అన్నాడు.

పెంచలరెడ్డి గారు అతని భుజం తట్టాడు. "నీలాంటోడి చేతికి పోతే నాకు దిగులు లేదబ్బయ్యా" అన్నాడు.

సువార్తమ్మ కారు దిగలేదు. మజ్జిగ పంపిస్తే పుచ్చుకుంది గానీ బండి వైపు కన్నెత్తి చూడలేదు.

గుంట నీళ్లు

"ఎందుకు అమ్ముతున్నారు?" అనడిగితే ఆయన మొదటి జవాబే నిజం చెప్పాడు. పని లేని బండిని చూస్తూ ఉండలేకపోతున్నానన్నాడు. అలాంటి జవాబు నాకు అరుదు. మనిషి మంచివాడు, బండి అందంగా ఉంది, తిరిగిన కిలోమీటర్లు చాలా తక్కువ. ఇక చూడాల్సింది ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు మాత్రం ఆరా ఎక్కువైంది. ఇన్నేళ్లూ నిలబడి ఇది ఏం చేసింది?

చెప్పులు విప్పి ఎక్కి పడుకున్నాను. డ్రైవర్ సీటు గట్టిగా, కొత్తగా ఉంది. పడక మాత్రం మధ్యలో గుంట పడి ఉంది. రోజూ ఎవరో పడుకున్నారన్నమాట. తాళం తిప్పి మీటర్లు చూశాను. బండి తిరిగిన దూరం తక్కువే గానీ, ఇంజిన్ ఆడిన గంటలు మాత్రం దేశమంతా తిరిగిన బండికి ఉన్నన్ని ఉన్నాయి. కదలకుండా అన్ని గంటలు ఇంజిన్ ఎందుకు ఆడింది?

కిందికి దిగి అడిగాను. పెంచలరెడ్డి గారు దాచలేదు.

"గుంటల కాపలా మనిషి దాంట్లోనే పడుకుంటాడు సార్. గట్టు మీద వేరే గది యాడుండాది? కరెంటు పోతే లైటుకి, ఫ్యానుకి ఇంజిన్ వేసుకుంటాడు. అంతకుమించి దాన్ని ఎవురూ ముట్టుకోలా."

ఒక ముడి వీడింది. ఇంజిన్‌కి అది మంచిది కాదు గానీ ప్రాణాంతకం కూడా కాదు. ఇంతలో గాలి అటు నుంచి తిరిగి, సన్నటి తుంపర నా ముఖాన పడింది. పక్క గుంటలో ఏరియేటర్లు తిరుగుతున్నాయి. రొయ్యలకు గాలి అందాలని నీళ్లను పైకి చిమ్మే చక్రాలవి. ఆ తుంపర నేరుగా బండి మీదికే వస్తోంది. పెదవి తడుపుకుంటే ఉప్పగా తగిలింది. నాకు బండి కింద ఎప్పుడు దూరుదామా అనిపించింది.

బయట అంత మెరుస్తున్న బండి కింద నల్లరంగు అక్కడక్కడ బుడగలు లేచి ఉంది. అతుకుల్లో తెల్లగా ఏదో పేరుకుంది. గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. కారులోంచి సువార్తమ్మ అది చూసినట్టుంది.

"ఏందండీ సార్ తింటుండేది?" అంది గాభరాగా.

"ఉప్పమ్మా" అన్నాను.

నా చిన్న సుత్తి తీసి ఛాసీ పొడుగునా తడుతూ వచ్చాను. ఛాసీ అంటే బండికి వెన్నెముక లాంటి రెండు పొడవాటి ఇనుప దూలాలు. మంచి ఇనుము కంచంలా ఖంగుమంటుంది. ముందు భాగంలో అలాగే పలికింది. వెనక్కి వచ్చేకొద్దీ గొంతు మారింది. లోడు మోసే పళ్లెం బిగించిన చోటుకి వచ్చేసరికి తడిసిన చెక్క మీద కొట్టినట్టు మొద్దుగా పలికింది. లోపలి వైపు వేలు పెట్టి నొక్కాను. ఇనుము అప్పడంలా పొరలు పొరలుగా ఊడి నా ఛాతీ మీద పడింది.

ప్రభుదాసుని కిందికి రమ్మన్నాను. తెల్లచొక్కాతోనే వచ్చి నా పక్కన పడుకున్నాడు. అతని వేలు పట్టుకుని అక్కడ పెట్టించాను. అనుభవం ఉన్న డ్రైవర్, నేను చెప్పాల్సిన పని లేదు. నిండు కంటెయినర్‌తో దిగుడులో బ్రేకు కొడితే వెనకున్న బరువంతా ఆ చోటునే వచ్చి తంతుంది. అక్కడ దూలం విరిగితే క్యాబిన్ ఒకవైపు, లోడు దాని మీదికి. అతను ఆ చోటంతా వేలితో తడుముతూ పోయాడు.

"అతుకు వేయించుకుంటే సార్?" అన్నాడు చివరికి.

"ఇంకెక్కడైనా అయితే వేయించుకోమనేవాణ్ని. ఇక్కడ అతుకు వేసిన బండి నిన్ను ఎక్కనివ్వను" అన్నాను. ఆ మాట అనడం నాకు కష్టంగా ఉండింది.

బయటికి వచ్చి పెంచలరెడ్డి గారితో తుప్పు సంగతి చెప్పాను. ఆయనకి కోపం వచ్చింది.

"తుప్పా? నా బండికా? బిడ్డను కడిగినట్టు రోజూ కడిగిస్తుంటి గదయ్యా! పైనా కిందా పైపు పెట్టి కొట్టించి, పైనంతా గుడ్డతో తుడిపించినా. పండగ లేదు, వాన లేదు, ఒక్కపూట తప్పలా!"

"ఏ నీళ్లతో రెడ్డిగారూ?"

"ఏ నీళ్లేంది? గుంట నీళ్లే. మోటారు ఉండాది, పైపు ఉండాది. తాగే నీళ్లు ట్యాంకరులో తెచ్చుకుంటుండాం, వాటితో లారీ కడుగుతామా?"

ఆ మాట అంటూనే ఆగిపోయాడు. రొయ్యలు పెంచేవాళ్లు నీళ్లలో ఉప్పు ఎంతుందో పొద్దున్నే చూసుకుంటారు. కొంచెం ఎక్కువైనా, తక్కువైనా వాళ్లకి నిద్ర పట్టదు. ఆయన కూడా ఇన్నేళ్లుగా ఆ ఉప్పు చూసుకున్నాడు, అదే నీళ్లను మోటారు పెట్టి బండి మీదికి కొట్టించాడు. రెంటినీ కలిపి ఒక్కసారీ ఆలోచించలేదు. మెట్ట ప్రాంతం వాడు ఎవడూ ఈ పొరపాటు చేయలేడు, వాడికి ఉప్పునీళ్లు దొరకవు. చేపలు పట్టేవాళ్లు కూడా చేయరు, వాళ్లు పడవలోని ఇంజిన్‌ని మంచినీళ్లతో తుడుచుకుంటారు. రొయ్యలు పెంచే రైతు, అందులోనూ బండి మీద ప్రాణం పెట్టుకున్న రైతు మాత్రమే చేయగలడు. పట్టించుకోకుండా వానకు వదిలేసి ఉంటే ఆ ఛాసీ ఇంకా గట్టిగా ఉండేది.

పిల్లలూ, తక్కువ తిరిగిన బండి అని ఎవరైనా చెబితే సంతోషించకండి. తిరగనప్పుడు అది ఎక్కడుందో అడగండి. తిరిగే బండికి రోడ్డు తెలిసిన జబ్బులే తెచ్చిపెడుతుంది. నిలబడ్డ బండికి ఏ జబ్బు వస్తుందో, అది నిలబడ్డ చోటుకి వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

రెడ్డిగారు అడిగిన సుత్తి

అంతటితో నా పని అయిపోయింది. బాగాలేదని చెప్పేశాను, ఇక కారెక్కడమే. కానీ బ్రోకరు సుధాకర్ నవ్వుతూ రెడ్డిగారి పక్కకి వచ్చాడు.

"దాందేముంది రెడ్డిగారా, మీరు దిగులు పడబాకండి. కింద బాగా గీకించి, పుట్టీ పెట్టి, రెండు పూతలు నలుపు కొట్టిద్దాం. పైన గ్రీజు పూస్తే ఎవురికీ కనపడదు. తమిళనాడు పార్టీ ఒకటి రెడీగా ఉండాది. వాళ్లు ఈ సార్ మాదిరి కింద దూరే రకం కాదు. కిలోమీటర్లు చూసి ఎగరేసుకుపోతారు."

నా ఉద్యోగంలో ఈ సన్నివేశం చాలాసార్లు చూశాను. నేను వద్దన్న బండ్లు నెల తిరక్కుండా రంగేసుకుని రోడ్డు మీద ఎదురుపడేవి. నా మాట నన్ను పిలిచిన మనిషి వరకే. అమ్మేవాణ్ని ఆపే హక్కు నాకు లేదు. అందుకే అలాంటప్పుడు నేను అమ్మేవాడి ముఖం చూస్తూ నిలబడతాను. ఏం చేస్తాడా అని. నిజం చెప్పాలంటే ఆ రోజు రెడ్డిగారు ఒప్పుకుంటారనే అనుకున్నాను. రొయ్యలు దెబ్బతీసిన మనిషి, చేతిలో ఉన్నది ఆ ఒక్క బేరం.

ఆయన బ్రోకరుని వదిలేసి ప్రభుదాసు వైపు తిరిగాడు.

"ఆ తమిళనాడాయన దీన్ని తనే తోలతాడా?"

"ఓనర్లు యాడ తోలతారయ్యా. డ్రైవర్ని పెట్టుకుంటారు."

"ఎట్టాంటోణ్ని?"

ప్రభుదాసు చొక్కా మీద తుప్పు దులుపుకుంటున్నవాడు ఆగాడు. "నా మాదిరోణ్నే అయ్యా" అన్నాడు.

పెంచలరెడ్డి గారు కాసేపు బండి ముందు భాగం వైపు, తల్లి పేరు వైపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత నా ముందుకి చెయ్యి చాపారు. "ఆ సుత్తి ఇట్టా ఇయ్యండి సార్." ఇచ్చాను. అది చాలలేదు ఆయనకి. షెడ్డులోకి వెళ్లి, గుంటల దగ్గర మేకులు దిగ్గొట్టే పెద్ద సుత్తి తెచ్చుకున్నారు. పంచె ఎగగట్టి, ఆ వయసులో, నేల మీద చేతులు ఆనించి బండి కిందికి దూరారు.

"దాసూ, లైటు పట్టు" అని లోపలి నుంచి పిలిచారు.

ప్రభుదాసు నా టార్చి తీసుకుని మళ్లీ కిందికి వెళ్లాడు. మొదటి దెబ్బ పడింది. రెండోది పడింది. పుట్టీకి, రంగుకి అందేలా చిన్న చిన్న బొక్కలు ఉంచదలుచుకోలేదు ఆయన. దూలం పొడుగునా పాడైన చోటల్లా కొట్టుకుంటూ పోయారు. ఇనుము చిరిగిపోతున్న శబ్దం గుంటల మీదుగా చాలా దూరం వినిపించి ఉంటుంది. సుధాకర్ "అయ్యయ్యో, రెడ్డిగారా, లక్షణమైన బండి" అంటూ చుట్టూ తిరుగుతున్నాడు. నేను వంగి చూశాను. కొడుతున్న మనిషి కళ్లలో తుప్పు పడుతోంది. లైటు పట్టుకున్న మనిషి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే లైటు కదులుతుందని తుడుచుకోవడం లేదు.

నాకు వెనక అలికిడైంది. సువార్తమ్మ కారు దిగి వచ్చి నా పక్కన నిలబడి, తనూ వంగి చూస్తోంది.

పెంచలరెడ్డి గారు బయటికి వచ్చేసరికి తెల్లజుట్టంతా ఎర్రబడింది. "ఇప్పుడు కొట్టించు నలుపు" అన్నారు సుధాకర్‌తో. చేతులు కడుక్కుందామని అలవాటుగా గుంట వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి షెడ్డులో బిందె నీళ్లతో కడుక్కున్నారు. మమ్మల్ని అన్నం తిని పొమ్మన్నారు. ప్రభుదాసు ఇంకోసారి వస్తామయ్యా అన్నాడు.

తిరుగు దారిలో, వచ్చేటప్పుడు అంత సందడి చేసిన మనిషి ముడుచుకుని కూర్చున్నాడు. మేత కంపెనీ పని ఇంకెవరికో పోతుందని మా ముగ్గురికీ తెలుసు. నా పని నేను సరిగ్గానే చేశాను, అయినా ఒక మనిషి ఆశను చేతులారా నలిపేసినట్టే ఉంది. ఈ బాధ అలవాటవుతుందని పనిలో చేరినప్పుడు అనుకున్నాను. అలవాటు కాలేదు.

గూడూరు దగ్గర టీ కోసం ఆగాం. సువార్తమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి, ఉన్నట్టుండి నన్ను అడిగింది. "సార్, ఇంకో బండి యాడన్నా అమ్మకానికి ఉండాదంటే, మీరొచ్చి చూస్తారా?"

ప్రభుదాసు తలెత్తాడు. "నువ్వే గదా వద్దంటివి?"

"అంటి" అంది ఆమె. "ఇందాక నువ్వు ఏడస్తానే లైటు పట్టినావు. ఆ బండి నీకు రాకుండా పోతుంటే, ఊరూ పేరూ తెలీని ఇంకో డ్రైవర్ కోసం చెయ్యి కదలకుండా పట్టినావు. నీకు గాక మా అమ్మ నేల ఇంకెవురికని దాచేది?"